అద్దం వెనక మందులు, బేసిన్ కింద యాసిడ్

 

మన గ్రూపులో ఎక్కువగా జీవో నంబర్ 3 గురించి, పోడు పట్టాల గురించి, రాని స్కాలర్‌షిప్పుల గురించి రాసుకుంటాం. ఈసారి మేము బాత్రూం గురించి రాస్తున్నాం. నవ్వుకోండి, ఏం కాదు. కానీ చివరిదాకా చదవండి, ముఖ్యంగా హాస్టల్‌లో ఉండే చెల్లెళ్లు.

మేము ఆరుగురం. ఉప్పల్ రింగు రోడ్డు నుంచి నాచారం వైపు వచ్చే దారిలో, అద్దె బిల్డింగులో నడిచే అమ్మాయిల హాస్టల్ మాది. పేరు రాయం, అడగొద్దు. తండా నుంచి వచ్చినవాళ్లం ఉన్నాం, కోయగూడెం నుంచి, గోండుగూడ నుంచి, నల్లమలలో పెంట నుంచి వచ్చినవాళ్లం ఉన్నాం. అందరం ఇంట్లో కాలేజీ మొహం చూసిన మొదటి మనుషులమే. ఇంకోటి కూడా చెప్పాలి, మా ఆరిళ్లల్లో ఎక్కడా వాష్ బేసిన్ లేదు. బోరింగు దగ్గర మొహం కడుక్కుని పెరిగినోళ్లం.

ఈ బిల్డింగు ఒకప్పుడు ఎవరో సంసారం చేసుకున్న ఇల్లు. మా గది వాళ్ల పెద్ద బెడ్‌రూం అయి ఉంటుంది, ఎందుకంటే దీనికి అటాచ్డ్ బాత్రూం ఉంది, అందులో తెల్ల ప్లాస్టిక్ తలుపులతో రెండు బీరువాలున్నాయి. ఒకటి బేసిన్ కింద, పైపును మూసేస్తూ. ఇంకోటి బేసిన్ పైన, తలుపుకే అద్దం బిగించి. భార్యాభర్తలు, ఒక బిడ్డ, వాళ్ల బ్రష్షులు, ఆయన షేవింగ్ సామాను పట్టేంత కొలత అది. ఇప్పుడు ఆరుగురివి ఆరు బ్రష్షులు, ఆరు సబ్బులు, నాలుగు షాంపూలు, పారాచూట్ డబ్బాలు, పిన్నులు, క్లిప్పులు, ప్యాడ్లు, జండూబామ్, అందరి గోలీలు. మగ్గులు ఎవరివో తెలియడానికి గోళ్ల రంగుతో చుక్కలు పెట్టుకున్నాం, ఆరు రంగులు. మగ్గుల గొడవ అట్ల తీరింది. మందులకు చుక్కలు పెట్టాలని ఎవరికీ తట్టదు కదా.

ఇంటి దగ్గర మందులు ఎక్కడుంటాయో మీకు చెప్పక్కర్లేదు. ఆశా అక్క కాగితంలో చుట్టిచ్చిన గోలీలు గోడ గూట్లోనో, దేవుడి పటం వెనకనో, చూరులో చెక్కిన కవర్లోనో ఉంటాయి. వేర్లు, బెరళ్లు, వచ్చే వానాకాలానికి దాచిన విత్తనాల మూటలు పొయ్యికి పైన, పొగ తగిలేచోట వేలాడతాయి. తేమ గురించి మా అమ్మలకు ఎవరూ క్లాసు చెప్పలేదు. పొడిగా ఉండాలి, ఎత్తులో ఉండాలి, ఎలుకకు అందొద్దు, అంతే వాళ్ల లెక్క. అక్కడంతా బ్రహ్మాండమని అనడం లేదు. పురుగుమందు డబ్బాను కూడా అదే చూరులో పెట్టే ఇళ్లు మాకు తెలుసు, దానివల్ల పోయిన మనుషులూ తెలుసు. కానీ స్నానం చేసే చోట మందు పెట్టే మనిషి మా ఊళ్లల్లో ఒక్కరు కూడా ఉండరు.

పట్నంలో మందులు బాత్రూంలో పెట్టుకోవడం మేము సినిమాల్లో చూశాం. హీరో అద్దం తీస్తాడు, సీసా బయటికొస్తుంది. మా గదిలో అద్దం బీరువా ఉంది కాబట్టి మందులు అందులోకి పోయాయి. ఇది ఒక కారణం. రెండో కారణం ఉంది, అదే అసలుది. ఆరుగురికి మూడు బీరువాలున్న గదిలో, ఎవరి పెట్టెకు తాళం వేసినా "ఏందే, మా మీద నమ్మకం లేదా" అనే గదిలో, లోపల గొళ్లెం పెట్టుకునే జాగా ఒక్కటే, బాత్రూం. అందుకే మనిషికి దాచుకోవాల్సింది ఏదున్నా అద్దం వెనక్కి పోతుంది. నల్ల కవర్లో ప్యాడ్లు, మొటిమల క్రీము, పేను మందు, నిద్ర పట్టని గోలీ. గొళ్లెం ఉన్నచోటే మందులు ఎక్కువ పాడైతాయని తర్వాత తెలిసింది.

ఉదయం ఐదున్నర నుంచి ఎనిమిదింటి వరకు వరసగా ఆరు స్నానాలు. చలికాలమైతే రాడ్ హీటర్ పెట్టిన బకెట్ల ఆవిరి. వెంటిలేటర్ జానెడు. ఎగ్జాస్ట్ ఫ్యానుకు గోడలో గుండ్రటి బొక్క ఉంది, ఫ్యాను లేదు, అట్టముక్క అడ్డం పెట్టి ఉంది. తొమ్మిదింటికి అద్దం మీద నీళ్లు కారుతుంటాయి, బీరువా లోపలి గోడ కూడా చెమ్మగా తగులుతుంది. ఏ గోలీ షీటు వెనక చదివినా దాదాపు ఒకటే రాసి ఉంటుంది: 30 డిగ్రీల లోపు ఉంచండి, వెలుతురు, తేమ తగలనియ్యకండి. బాత్రూంలో ఆ మాట ఒక్కరోజు కూడా చెల్లదు.

మాలో ఒకామె బీఎస్సీ కెమిస్ట్రీ. ఆమే చెప్పింది, ఆస్ప్రిన్ గోలీకి తేమ తగిలితే అది విడిపోయి ఒక భాగం ఎసిటిక్ యాసిడ్ అవుతుందని, అంటే వెనిగర్ పులుపు. పాత ఆస్ప్రిన్ డబ్బా తీస్తే పుల్లటి వాసన వచ్చేది అందుకే. అట్లాంటి వాసన వస్తే పారేయాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్ గడ్డకట్టినా అంతే. రెండువైపులా రేకు ఉన్న షీట్లు కొంచెం తట్టుకుంటాయి. ఒకవైపు ప్లాస్టిక్ ఉన్నవాటిలోకి తేమ మెల్లగా పోతుంది. కాగితంలో చుట్టిచ్చిన విడి గోలీలకైతే కాపలా ఏమీ లేనట్టే. మన పీహెచ్‌సీల్లో ఎక్కువగా ఇచ్చేది ఆ కాగితం పొట్లాలే.

ఇక్కడ ఒక రాత్రి సంగతి చెప్పాలి. ఎవరి సంగతో ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాం, ఊరు, తెగ రాయొద్దంది, రాయం.

పోయిన జనవరిలో, నాగోబా జాతరకని మాలో ఇద్దరు ఊరికెళ్లిన వారం. పొద్దున కరెంటు లేదు, పరీక్ష ఉంది, అందరం చన్నీళ్లు పోసుకుని పోయాం. రాత్రి పదకొండింటికి ఆమె మంచం మీద ముడుచుకుపోయింది. తొడలు, నడుము, ఎముకల్లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టుందంది. "అద్దం వెనక... ప్యాడ్ల కవరు కింద" అన్నది, అంతే, మాట రాలేదు. ఫోన్ లైటు వేసి చూస్తే ఆ కవరు కింద ఏడు ముక్క షీట్లున్నాయి. మెడికల్ షాపులో నాలుగు గోలీలు అడిగితే కత్తెరతో కోసి ఇస్తారు కదా, మందు పేరు ఒక ముక్కలో పోతుంది, తేదీ ఇంకో ముక్కలో పోతుంది. మా చేతిలో ఉన్న ఏడింటిలో మూడింటికి పేరు లేదు, అయిదింటికి తేదీ లేదు. ఒక షీటులో క్యాప్సూళ్లు మెత్తబడి అంటుకుపోయాయి. కింద నీలం రంగు ఐరన్ గోలీలు, అవి ఎవరివో తెలియదు.

ఆటోలో తీసుకుపోయాం. డ్యూటీ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "ఏం మందులు వాడుతోంది?" రెండేళ్లుగా ఒకే గదిలో తిని, పడుకుని, ఒకరి చున్నీ ఒకరు వేసుకున్న మా దగ్గర జవాబు లేదు. ఆమే పళ్లు బిగబట్టి చెప్పింది, సికిల్ సెల్ అని. మేము వినడం అదే మొదటిసారి. ఆమెకు రంగు కార్డు కూడా ఉంది, ఊళ్లో పరీక్ష చేసి ఇచ్చింది. అది కూడా అద్దం బీరువాలోనే, షాంపూ సీసాల వెనక గోడకు అతుక్కుని ఉందని తెల్లారి తెలిసింది.

తెలియని తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం రెండు ముక్కలు. ఇది అంటుకునే జబ్బు కాదు. తల్లి దగ్గరి నుంచి ఒకటి, తండ్రి దగ్గరి నుంచి ఒకటి, రెండు సికిల్ జన్యువులు వస్తే జబ్బు. ఒకటే వస్తే మామూలుగానే ఉంటారు, కానీ పిల్లలకు పోవచ్చు. ఒంట్లో నీళ్లు తగ్గినా, చలి తగిలినా, జ్వరం వచ్చినా ఎర్రకణాలు కొడవలిలా వంగి సన్న నరాల్లో అడ్డుపడతాయి. అదే ఆ నొప్పి. 1910లో చికాగో డాక్టరు జేమ్స్ హెరిక్ ఈ కొడవలి కణాల గురించి మొదటిసారి రాశాడు. ఆ రోగి గ్రెనడా అనే కరీబియన్ దీవి నుంచి దంతవైద్యం చదవడానికి వచ్చిన వాల్టర్ క్లెమెంట్ నోయెల్, వయసు 20. ఇంటికి దూరంగా, ఎముకలు కొరికే చలి ఊళ్లో చదువుకుంటున్న ఇరవయ్యేళ్ల స్టూడెంట్. ఇది చదివి మేము చాలాసేపు ఏం మాట్లాడలేదు. మన దేశంలో మొదట 1952లో నీలగిరి కొండల ఆదివాసుల్లో కనుగొన్నారు. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో జాతీయ మిషన్ మొదలైంది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు వాళ్లు 7 కోట్ల మందికి పరీక్ష చేసి, 2047 నాటికి ఈ జబ్బును లేకుండా చేయాలని దాని లక్ష్యం. కార్డులు అందులోవే. మా బస్సు హబ్సిగూడ మీదుగా పోయినప్పుడల్లా సీసీఎంబీ బోర్డు కనిపిస్తుంది, అక్కడి సైంటిస్టులు కూడా ఈ జబ్బు మీద పనిచేస్తున్నారు. అంత దగ్గర్లో సైన్సు ఉంది, ఆమె కార్డు మాత్రం షాంపూ సీసాల వెనక ఉంది.

ఎందుకు దాచావే అని అడిగితే, "మా అక్కకొచ్చిన సంబంధం ఈ కార్డు చూసే పోయింది" అంది. దానికి మా దగ్గర జవాబేం లేదు. "మేం ఎవరికీ చెప్పం" అంటే సరిపోదు కదా, ఆరుగురు ఉన్న గదిలో.

అందుకే బీరువా సర్దడం అనేది మాకు డబ్బాలు కొనే పని కాలేదు, ఎవరి సంగతి ఎంతవరకు బయటపెట్టాలనే పంచాయితీ అయింది. రెండు ఆదివారాలు పట్టింది. మొదట ఒకామె, "అన్ని మందులు ఒకటే డబ్బాలో వేద్దాం, అందరివీ అందరికి తెలవాలె" అంది. వినడానికి బాగుంది. కానీ ఆమె రోజూ వేసుకునేది హైడ్రాక్సీయూరియా. ఆ క్యాప్సూల్ పగిలి పొడి రాలితే వేరేవాళ్లు వట్టి చేత్తో ముట్టుకోకూడదు, కడుపుతో ఉన్నవాళ్లయితే అసలే వద్దు. మాకు వారానికొకసారి వేసుకోమనే నీలం ఐరన్ గోలీని, డాక్టరు చెప్పకుండా వేసుకోవద్దని ఆమెకు చెప్పారు. కలిపేస్తే ఆమెకూ ప్రమాదం, మాకూ ప్రమాదం. చివరికి ఆమే తేల్చింది. రోజూ వేసుకునేవి చిన్న స్టీలు డబ్బాలో, ఆమె పెట్టెలో, తాళం వేసి. రెండో తాళం చెవి మాలో ఒకరి దగ్గర. కార్డు జిరాక్సు, డాక్టరు చీటీ ఫోటో ఆరుగురి ఫోన్లలో. అవి ఎవరికి చూపించాలో మాత్రం ఆమె చెప్పినట్టే.

గది తలుపు వెనక ఒక కాగితం అంటించాం, పేరు లేకుండా. నొప్పి మొదలైతే నీళ్లు బాగా తాగించాలి, దుప్పటి కప్పాలి, వేడి కాపడం పెట్టొచ్చు, ఐసు ఎప్పుడూ వద్దు. చీటీలో డాక్టరు రాసిన నొప్పి గోలీ, రాసినంతే. జ్వరం 101 దాటినా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా, చేయో కాలో పడిపోయినట్టు అనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు, 108.

మిగతా అందరి మామూలు మందులకు బాత్రూం బయట జాగా కావాలి. గోడకు మేకులు కొట్టొద్దని హాస్టల్ రూలు. తండా నుంచి వచ్చినామె వాళ్ల అమ్మకు చెబితే, పాత గుడ్డతో ఎనిమిది జేబుల సంచి కుట్టి పంపింది, జేబు జేబుకు అద్దం ముక్కలు కుట్టి. బీరువా తలుపుకు తాడుతో కట్టాం. ఫ్యాను గాలి తగులుతుంది, ఎండ పడదు. జ్వరం గోలీలు ఒక జేబు, ఓఆర్ఎస్ ఒకటి, కట్టు బట్ట, దూది, డెటాల్ ఒకటి. షాపులో షీటు కోసేటప్పుడే పేరు, తేదీ ఉన్న ముక్క ఇవ్వమని అడుగుతున్నాం. ఇవ్వకపోతే బిల్లును షీటుకు రబ్బరు బ్యాండుతో చుడుతున్నాం. ఓఆర్ఎస్ అయిపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో, తలగొట్టి కొలవాలి. ఎక్కువ ఉప్పు పడితే మేలు కన్నా కీడే.

ప్యాడ్లు కూడా బయటికొచ్చాయి. దీనికీ గొడవైంది, చెబితే నమ్మరు. "వార్డెన్ మేడం రౌండుకొస్తే కనిపిస్తయి" అని ఒకామె. మేడం కూడా ఆడమనిషే కదా అని ఇంకొకామె. చెమ్మపట్టిన ప్యాడు వాడితే ఒరుసుకుపోయేది మనకే. జన్ ఔషధి షాపులో సువిధ ప్యాడు 2019 నుంచి ఒక రూపాయికే ఇస్తున్నారు, ఒకేసారి ఎక్కువ కొనుక్కుంటే దాచడానికి పొడి జాగా కావాలి. మూత గట్టిగా పట్టే బిస్కట్ డబ్బాలో పెట్టి మంచం కిందికి తోశాం. బాత్రూంలో ఆ రోజుకు కావాల్సిన రెండే.

ఇక బేసిన్ కింద. అక్కడి తలుపు తీస్తే కనిపించే వంకర పైపు ఊరికే వంకరగా లేదు. 1775లో అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల పనివాడు టాయిలెట్ పైపుకు ఈ వంపు పెట్టి పేటెంట్ తీసుకున్నాడు. వంపులో ఎప్పుడూ కొన్ని నీళ్లు నిలుస్తాయి, అవే మోరీ వాసన పైకి రాకుండా ఆపుతాయి. మా పైపు జాయింటు దగ్గర కారుతుండేది, అడుగు చెక్క ఉబ్బింది, బొద్దింకలు కాపురం పెట్టాయి. పది రూపాయల వాషరు, టెఫ్లాన్ టేపు, ప్లంబరన్న పది నిమిషాల పని. ముందు అది చేయించకుండా కింద ఏ బుట్ట పెట్టినా దండగ.

ఆ కారే పైపు పక్కనే ఒక స్ప్రైట్ బాటిల్ ఉండేది, నిండా యాసిడ్. వీధిలో బండి మీద అమ్మే ఫినాయిల్, యాసిడ్ అట్లాగే కూల్‌డ్రింకు సీసాల్లో పోసిస్తారు. యాసిడ్ అమ్మితే రిజిస్టర్లో రాయాలి, కొనేవాళ్ల గుర్తింపు చూడాలి, 18 ఏళ్ల లోపు వాళ్లకు అమ్మొద్దు అని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. బండి మీద ఏ రిజిస్టరూ లేదు. రాత్రి కరెంటు పోయినప్పుడు దాహమేసిన మనిషి చేతికి ఆ సీసా దొరికితే? దాని పక్కనే మూత లేని బ్లీచింగ్ పౌడర్ కవరు. ఈ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ గ్యాసు, 1915 ఏప్రిల్ 22న బెల్జియంలో ఈప్రె దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల మీదికి వదిలింది ఇదే. హార్పిక్‌లో ఉండేది కూడా హైడ్రోక్లోరిక్ యాసిడే, దానికీ బ్లీచింగ్‌కూ పొత్తు కుదరదు. బాత్రూం కడగడానికొచ్చే అక్క రెండూ కలిపి పోస్తే "మస్తు తెల్లగా అయితది" అనేది. దగ్గు ఎందుకు వస్తుందని అడిగితే, "గీ పనిల గట్లనే ఉంటది బిడ్డా" అంది. ఆమెకు ఎవరూ చెప్పలేదు, గ్లౌజులూ ఇవ్వలేదు. బ్లీచింగ్‌ను మూత డబ్బాలో వేసి మెట్ల కింద పెట్టాం, యాసిడ్ సీసాను వాచ్‌మన్ తాతకు చెప్పి తీయించాం. బేసిన్ కింద ఇప్పుడు రెండు ఇటుకల మీద ఒక పలక, పలక మీద ఫినాయిల్, బట్టల సబ్బు, బ్రష్షు మాత్రమే. రాడ్ హీటర్ గదిలోకి వచ్చేసింది.

నాఫ్తలిన్ ఉండలు కూడా తీసేశాం. బేసిన్ జాలీలో తెల్లగా వేస్తారు కదా, అవి. కోయగూడెం చెల్లె పట్టుబట్టింది. వాళ్ల తమ్ముడికి మలేరియా మందు వేశాక మూత్రం నల్లటి టీ రంగులోకి మారింది, పరీక్ష చేస్తే జీ6పీడీ అనే ఎంజైము తక్కువన్నారు. అట్లాంటి వాళ్లకు ప్రిమాక్విన్‌తోనే కాదు, నాఫ్తలిన్‌తో కూడా రక్తకణాలు పగలొచ్చు. మన గిరిజన గూడేల్లో ఈ లోపం ఉన్నవాళ్లు చాలామంది, తెలిసినవాళ్లు కొందరే. మొదట్లో రెండు రోజులు వాసన వచ్చింది. రాత్రి పడుకునే ముందు ఒక మగ్గు నీళ్లు జాలీలో పోస్తే పైపు వంపు నిండి వాసన ఆగింది.

అద్దం బీరువాలో ఇప్పుడు బ్రష్షులు, పేస్టు, దువ్వెనలు, నూనె ఉన్నాయి. బ్రష్షులు ఒకదానికొకటి తగలకుండా నిలబెట్టాం. బ్లేడు ఎవరిది వాళ్లదే, ఇందులో మొహమాటం లేదు, రక్తంతో వచ్చే జబ్బులు బ్లేడుతో కూడా వస్తాయి. తేదీ దాటిన మందులు ఒక సంచి నిండా తేలాయి. వాటిని టాయిలెట్‌లో పోయలేదు, ఆ నీళ్లు ఎక్కడికి పోతాయో మూసీ వైపు పోయినవాళ్లకు తెలుసు. షీట్ల నుంచి తీసి, వాడిన టీ పొడిలో కలిపి, కవరు మూతి కట్టి చెత్తబండికి ఇచ్చాం. ఖాళీ షీట్లను కత్తిరించాం, మళ్లీ ఎవరూ ఏరుకోకుండా.

సికిల్ సెల్ ఉన్న చెల్లెళ్లు, తమ్ముళ్లు ఎవరైనా హైదరాబాద్‌లో చదువుతుంటే, శివరాంపల్లిలో తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఉంది, 1998 నుంచి పనిచేస్తోంది. ఉప్పల్ నుంచి ఊరు ఆ కొస నుంచి ఈ కొసకు, సగం రోజు పోతుంది. తోడు కావాలంటే మాలో ఎవరో ఒకరు వస్తాం, ఆదివారం తప్ప. ఆదివారం జేబుల సంచి తేదీలు చూసుకునే రోజు.

ఎగ్జాస్ట్ ఫ్యాను కోసం ఆరుగురం సంతకాలు పెట్టి లెటరు ఇచ్చాం. మూడు వారాలైంది. ఈలోపు బొక్కకున్న అట్టముక్క తీసేసి దోమల జాలీ కట్టాం, అద్దం బీరువా తలుపు పగలంతా తెరిచే పెడుతున్నాం.